దత్తాంశ నిర్వహణ ప్రణాళిక: పరిశోధకుని తొలి కర్తవ్యం

'డేటా' అనే మాటకు మన గణాంకశాస్త్ర గ్రంథాలలో 'దత్తాంశం' అనే పదం స్థిరపడిపోయింది. పారిభాషిక పదాలలో ఇంత చక్కగా అమరినవి అరుదు. లాటిన్ భాషలో 'డేటమ్' అంటే ఇవ్వబడినది అని అర్థం. సంస్కృతంలో 'దత్తం' అన్నా అదే అర్థం. రెండింటికీ మూలధాతువు ఒక్కటేనని భాషాశాస్త్రజ్ఞులు చెప్తారు. దత్తపుత్రుడు అన్నప్పుడు బిడ్డను ఇచ్చినవారొకరు, పుచ్చుకొన్నవారొకరు వుంటారు. పుచ్చుకొన్నవారికి పెంపకపు బాధ్యత వుంటుంది. దత్తాంశం విషయంలో మాత్రం మనం ఈ సంగతి మరచిపోతాము. "నేను సేకరించాను" అంటామే గాని, "వారు ఇచ్చారు" అనము. మన ఉర్దూ మిత్రులు 'అమానత్' అంటారు. ఒకరు నమ్మి మన వద్ద వుంచిన సొత్తు అని దాని అర్థం. ఆ సొత్తును మనం వాడుకోవచ్చునా, ఎంతవరకు వాడుకోవచ్చును, ఎప్పుడు తిరిగి అప్పగించాలి అన్నది ముందుగానే మాట్లాడుకోవలసిన సంగతి.

ఇప్పుడు డిగ్రీ విద్యార్థులు కూడా గ్రామాలకు పోయి, పదిమందిని ప్రశ్నించి, ప్రాజెక్టు నివేదికలు సమర్పిస్తున్నారు. నివేదికకు అట్ట ఏ రంగులో వుండాలన్న దానిపై జరిగేపాటి చర్చ, సేకరించిన సమాచారం తరువాత ఏమవుతుందన్న దానిపై జరగడం లేదు. ఈ వ్యాసం ఆ విషయమై వ్రాస్తున్నది.

దత్తాంశ నిర్వహణ ప్రణాళిక అనగానే అదేదో పెద్ద శాస్త్రమని భయపడనక్కరలేదు. ఏ సమాచారం సేకరిస్తాము, ఏ రూపంలో సేకరిస్తాము, ఎవరి అనుమతితో, ఎక్కడ భద్రపరుస్తాము, ఎవరు చూడవచ్చును, పని ముగిసిన తరువాత అది ఎవరి చేతిలో వుంటుంది అనే ప్రశ్నలకు, పని ఆరంభించక ముందే రెండు మూడు పుటలలో వ్రాసుకొన్న సమాధానమే ఈ ప్రణాళిక. అమెరికాలోని నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 2011 జనవరి నుండి ధనసహాయం కోరే ప్రతి దరఖాస్తుకూ రెండు పుటలకు మించని ఇటువంటి పత్రాన్ని జతపరచాలని నియమం పెట్టింది. ఐరోపా సమాఖ్య 2014లో కొన్ని రంగాలలో ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టి, 2017 నుండి విస్తరించింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 2023 జనవరి నుండి తమ నియమాలను కట్టుదిట్టం చేశాయి. ధనమిచ్చేవారు అడుగుతారు కాబట్టి వ్రాయడం అక్కడి పద్ధతి. మనకు ధనమిచ్చేవారు లేరు, అడిగేవారూ లేరు. అందువల్ల మనం వ్రాయవలసిన అవసరం ఇంకా ఎక్కువ అని నా అభిప్రాయం. ఈ అభిప్రాయానికి నేను పుస్తకాలు చదివి రాలేదు.

2013 నవంబరులో, ఎం.ఏ. లఘు సిద్ధాంత వ్యాసం కోసం నేను మా ప్రాంతపు గ్రామాలలో పీర్ల పండుగ పాటలు సేకరించాను. రాయలసీమలో మొహర్రం ముస్లిముల పండుగ మాత్రమే కాదన్న సంగతి పాఠకులకు తెలిసినదే. అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయిస్వామి వుత్సవానికి పోయినవారికి దీనిని వివరించి చెప్పనక్కరలేదు. పీర్ల చావిడి ముందు అగ్నిగుండం చుట్టూ తిరుగుతూ తెలుగులో పాడే పాటలలో కర్బలా కథ వుంటుంది, వానలకోసం మొర వుంటుంది, వూరి పెద్దల మీద చురకలూ వుంటాయి. అరువు తెచ్చుకొన్న చిన్న రికార్డరుతో, నా ఫోనుతో ఆ రాత్రులన్నీ శబ్దగ్రహణం చేశాను. పాడినవారి పేర్లను ఒక నోటుపుస్తకంలో వ్రాసుకొన్నాను. వారిలో దూదేకుల ఇంటి ముసలావిడ ఒకరు వుండేవారు. పాట ముగియగానే, "నా పేరు రాసుకో నాయనా, మర్చిపోతావు" అన్నారు. వ్రాసుకొన్నాను. మరునాడు వచ్చేటప్పుడు మళ్లీ పిలిచి, "రాసినావా?" అని అడిగారు.

వ్యాసంలో ఆమె పాడిన పాటను పూర్తిగా వుదహరించాను. పాడినవారు 'ఒక వృద్ధ గాయని' అని వ్రాశాను. పేరు చెప్పకపోవడమే మర్యాద అని అప్పట్లో నేననుకొన్నాను. మార్కులు బాగా వచ్చాయి.

తొమ్మిదేండ్ల తరువాత, 2022లో, ఒక యువకుడు ఎక్కడో నా ఫోను నంబరు సంపాదించి మాట్లాడాడు. "సార్, మా అవ్వ పాట మీ దగ్గరుందంట. ఆమె పోయి రెండేండ్లయింది. మా నాయన వినాలంటున్నాడు" అన్నాడు. వెంటనే పంపుతానని గొప్పగా చెప్పాను. ఆ సాయంత్రం వెదకడం మొదలుపెట్టాను. రికార్డరు తాలూకు మెమరీ కార్డును తరువాత ఎవరో ఫోనులో వేసుకొని చెరిపివేశారు. ప్రతి తీసి వుంచుకొన్న సీ.డీ. దొరికింది గాని, దానిని చదివే యంత్రం ఇప్పటి కంప్యూటరులో లేదు. పాత యంత్రం సంపాదించి పెట్టి చూస్తే పళ్లెం గీతలు పడి చదవబడలేదు. ఒక పాత హార్డుడిస్కులో ఇరవై మూడు శబ్దఖండాలు మిగిలాయి. వాటి పేర్లు 'వాయిస్ 001', 'వాయిస్ 002' అని యంత్రం పెట్టినవే. నోటుపుస్తకం నేను ఖాళీ చేసిన అద్దె గదిలో వుండిపోయింది. వ్యాసం రాతప్రతినైనా చూద్దామంటే, దానిని డి.టి.పి. కేంద్రంలో పాతకాలపు ఫాంటులో కొట్టించాను. ఇప్పుడు తెరిస్తే తెలుగు అక్షరాలకు బదులు పిచ్చిగీతలు కనబడ్డాయి. ఇరవై మూడింటిలో స్త్రీల గొంతులున్నవి నాలుగు. ఆ నాలుగూ పంపాను. రెండు రోజుల తరువాత అతడే మాట్లాడాడు: "ఇందులో మా అవ్వ లేదంట సార్."

ఆ పిల్లవాడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ తరువాతనే నేను ఈ ప్రణాళికా రచనను గురించి చదవడం మొదలుపెట్టాను.

ఇక్కడ మన చరిత్రలోని ఒక పెద్ద వుదాహరణను ప్రస్తావించడం అప్రస్తుతం కాదు. కల్నల్ కాలిన్ మెకంజీ పేరు తెలుగు విద్యార్థులు విని వుంటారు. 1810లో మదరాసుకూ, 1815లో భారతదేశానికీ సర్వేయరు జనరల్ అయిన ఈయన, దక్షిణ దేశమంతటా గ్రామచరిత్రలు, శాసనాల నకళ్లు, తాళపత్ర గ్రంథాలు, నాణాలు సేకరింపజేశాడు. మనం కైఫియత్తులు అని పిలిచేవి వాటిలోనివే. కైఫియతు అనే మాట మనకు ఫారసీ నుండి వచ్చినదే. మెకంజీకి మన భాషలు రావు. ఆ పని నడిపినవారు ఏలూరుకు చెందిన కావలి సోదరులు. 1803లో బొర్రయ్య చిన్న వయసులోనే చనిపోగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ బాధ్యత స్వీకరించాడు. వూరూరా తిరిగిన గుమాస్తాలు ఎక్కడికి పోయారో, ఎవరిని కలిశారో, ఏమి దొరికిందో నివేదికలు వ్రాసి పంపేవారు. అంటే సేకరణకు చక్కని పద్ధతి వున్నది. కాని సేకరించిన దానిని ఏమి చేయాలన్నది మెకంజీ మనసులోనే వుండిపోయింది. సవివరమైన పట్టిక తానే తయారుచేయాలని ఆయన సంకల్పం. 1821 మే నెలలో ఆ సంకల్పం తీరకుండానే చనిపోయాడు.

తరువాతి కథ పరిశోధక విద్యార్థి ప్రతి ఒక్కడూ చదవదగినది. ఆయన భార్య వద్ద నుండి ఈస్టిండియా కంపెనీ ఆ సేకరణను 10,000 పౌనులకు కొన్నది. అందులో శాసనాల నకళ్లే 8,000కు పైగా, స్థానిక చరిత్రలు 2,000కు పైగా వున్నాయి. పట్టిక వేసే పని హోరేస్ హేమన్ విల్సన్‌కు అప్పగించారు. ఆయన సంస్కృత పండితుడే గాని దక్షిణాది భాషలు తెలియవు. గుమాస్తాలు వ్రాసిన సంగ్రహాల మీద ఆధారపడి 1828లో పట్టిక ప్రకటించాడు. సేకరణలో కొంత లండనుకు పోయింది, కొంత కలకత్తాలో నిలిచింది, కొంత మదరాసు చేరింది. ఏ కాగితం ఎక్కడిదో, ఎవరు చెప్పగా వ్రాసినదో తెలిసిన లక్ష్మయ్య, పనిని తాను కొనసాగిస్తానని అర్జీ పెట్టుకొన్నాడు. 1830ల నడుమ ఏషియాటిక్ సొసైటీ తరఫున జేమ్స్ ప్రిన్సెప్ దానిని పరిశీలించి, అంతటి పనికి ఈయన గాని, మరే దేశీయుడు గాని చాలడని తేల్చాడు. పాతికేండ్లకు పైగా ఆ దత్తాంశంతో కాపురం చేసిన మనిషి చాలడట! ఈ అవమానంలో తెల్లవారి అహంకారం వున్నదనడం నిజమే. కాని లక్ష్మయ్య స్థానం ఏమిటో, తన అనంతరం పని ఎవరిదో మెకంజీ ఒక కాగితం మీద కట్టుదిట్టంగా వ్రాసి పోయివుంటే, ఆయన అర్జీకి కొంత బలమైనా వుండేది. మదరాసులో పురుగులు తిని శిథిలమవుతున్న ప్రతులకు తరువాత సి.పి. బ్రౌన్ నకళ్లు వ్రాయించాడు కాబట్టి వాటిలో చాలా భాగం మనకు దక్కింది. కడపలో ఆయన పేరున వెలసిన భాషా పరిశోధన కేంద్రం కడప ప్రాంతపు కైఫియత్తులను సంపుటాలుగా అచ్చువేసింది. మన విద్యార్థులు బస్సెక్కి పోయి చూడగలిగినంత దగ్గరలో ఇవి వున్నాయి.

ఇక ప్రణాళిక ఎట్లా వ్రాయాలన్న విషయం. 2024లో మా తెలుగు, ఉర్దూ శాఖలు కలిసి పీర్ల పాటలను తిరిగి సేకరించే చిన్న పని తలపెట్టినప్పుడు, విద్యార్థులతో కూర్చొని మేము వ్రాసుకొన్న దానినే నమూనాగా తీసుకొంటాను.

మొదట పరిమాణం లెక్కవేసుకొన్నాము. ఇది చాలామంది విడిచిపెట్టే మెట్టు. శబ్దాన్ని కుదించకుండా వేవ్ రూపంలో, సీ.డీ. స్థాయి నాణ్యతతో భద్రపరిస్తే గంటకు దాదాపు 635 మెగాబైట్లు అవుతుంది. మేము 40 గంటలు అనుకొన్నాము. అంటే సుమారు 25 గిగాబైట్లు. మూడు ప్రతులకు 76. ఈ లెక్క తెలిస్తే, ఎంత డిస్కు కొనాలో తెలుస్తుంది. ప్రిన్సిపాలుగారి వద్దకు ఎంత మొత్తానికి అర్జీ పెట్టాలో తెలుస్తుంది. ఎంపీత్రీ రూపంలో ఐతే పదోవంతు చోటు చాలు గదా అని ఒక విద్యార్థిని అడిగింది. చోటు మిగులుతుంది, నిజమే. కాని ఆ కుదింపులో పోయిన శబ్దం తిరిగి రాదు. తాషాల మోతలో గొంతును విడదీసి వినవలసిన పాటలకు ఆ పొదుపు తగదు. వినడానికి ఎంపీత్రీ నకలు వుంచుకోవచ్చును. అసలు మాత్రం అసలుగానే వుండాలి. నకలు, అసలు అనే మాటలు మన రిజిస్ట్రారు కార్యాలయాలలో వందల ఏండ్లుగా వాడుతున్నవే. ఆ గుమాస్తాలకు తెలిసిన తేడా పరిశోధకునికి తెలియకపోతే ఎట్లా?

రూపం విషయంలో ఇంగ్లండు వారికి ఒక చేదు అనుభవం వున్నది. 1086లో విలియం రాజు వేయించిన డోమ్స్‌డే లెక్కల పుస్తకానికి తొమ్మిది వందల ఏండ్లు నిండిన సందర్భంగా, 1986లో బి.బి.సి. సంస్థ పది లక్షలమందికి పైగా ప్రజల సహాయంతో కొత్త డోమ్స్‌డేను తయారుచేసి లేసరు డిస్కుల మీద ఎక్కించింది. పదిహేనేండ్లు గడిచేసరికి ఆ డిస్కులను చదివే యంత్రాలు దొరకడం కష్టమయింది. ఆ సమాచారాన్ని బయటికి తీయడానికి పరిశోధకులు ప్రత్యేకంగా శ్రమించవలసి వచ్చింది. తోలు పత్రాల మీద వ్రాసిన 1086 నాటి పుస్తకం మాత్రం నేటికీ చదవవచ్చును. కాబట్టి ఒకే సంస్థ యంత్రంలో, ఒకే సంస్థ సాఫ్టువేరులో మాత్రమే తెరుచుకొనే రూపాలను నమ్మరాదు. తెలుగు పాఠ్యాన్ని తప్పక యూనికోడులోనే వ్రాయాలని మా ప్రణాళికలో ఎర్రసిరాతో వ్రాసుకొన్నాము. 1991 నాటి తొలి యూనికోడు ప్రమాణంలోనే తెలుగుకు చోటున్నది. 2013లో నేను దానిని వాడకపోవడానికి నా అజ్ఞానం తప్ప వేరే కారణం లేదు. ఉర్దూ పాఠ్యానికీ ఇదే నియమం. నస్తాలీఖ్ సొగసు కోసం పుటలను బొమ్మలుగా వుంచుకొంటే, రేపు వాటిలో ఒక్క మాటనైనా వెదకలేము.

పేర్లు పెట్టడంలో మా విద్యార్థులు మొదట నవ్వారు. 'పీపా 2024-07-15 గా03 01' అని ప్రతి ఖండానికీ పేరుండాలన్నాను. పీపా అంటే పీర్ల పాట. గా03 అంటే మూడవ గాయకులు. సంవత్సరం ముందు, నెల తరువాత, రోజు చివర వ్రాస్తే కంప్యూటరు వాటిని తనంతట తానే కాలక్రమంలో పేరుస్తుంది. తేదీ విషయంలో మరొక చిక్కున్నది. నా పాత శబ్దఖండాలలో నా గొంతే, 'పీర్ల పండుగ ఎనిమిదవ రాత్రి' అని చెప్పింది, సంవత్సరం చెప్పలేదు. మొహర్రం చాంద్రమానపు నెల. ఏటికి పదకొండు రోజుల చొప్పున వెనుకకు జరుగుతూ, ముప్పైమూడేండ్లకు రుతుచక్రమంతా తిరిగివస్తుంది. 2013లో అది నవంబరు చలిలో వచ్చింది. 2024లో జూలై వానలలో వచ్చింది. పాటలో వానకోసం మొర పెట్టుకొన్నారంటే, ఆ యేడు పండుగ ఏ కారులో వచ్చిందో తెలియకుండా దానికి వ్యాఖ్య వ్రాయలేము. అందువల్ల రెండు పంచాంగాల తేదీలూ వ్రాయాలని నిర్ణయించాము.

ప్రతి ఖండానికీ ఒక వివరణ పత్రం వుంటుంది. పాడినవారు ఎవరు, ఏ వూరు, ఎవరి వద్ద నేర్చుకొన్నారు, ఎవరు రికార్డు చేశారు, అప్పుడు పక్కన ఎవరున్నారు, ఏ యంత్రం వాడారు, పాఠాన్ని ఎవరు వ్రాసి ఎవరు సరిచూశారు అన్నవి అందులో వుంటాయి. ఆంగ్లంలో దీనిని మెటాడేటా అంటారు. ఉర్దూ శాఖవారు దీనిని విని, "ఇది ఇస్నాద్ కదా!" అన్నారు. హదీసు పండితులు ఏ మాటనైనా వుదహరించే ముందు, ఫలానావారు ఫలానావారి వద్ద విన్నారని మాట పలికినవారి దాకా వరుసగా చెప్తారు. ఆ గొలుసులో ఒక లంకె తెగితే మాట విలువ తగ్గుతుంది. వెయ్యేండ్లకు పైబడిన ఆ శాస్త్రం తెలిసిన ఇండ్లలో పుట్టి, నేను 'వాయిస్ 017' అనే పేరుతో సరిపెట్టుకొన్నానంటే ఏమనుకోవాలి?

అనుమతి అధ్యాయం దగ్గర మాకు రెండు సాయంత్రాలు పట్టాయి. 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత డిజిటల్ దత్తాంశ రక్షణ చట్టంలో పరిశోధనకు కొన్ని మినహాయింపులున్నాయి. ఆ సమాచారం ఆధారంగా ఆ వ్యక్తిని గురించి ప్రత్యేకంగా ఏ నిర్ణయమూ తీసుకోకుండా, నిర్ణీత ప్రమాణాలను పాటించినప్పుడే ఆ మినహాయింపు వర్తిస్తుంది. కాని చట్టం మినహాయించిందని మర్యాద మినహాయించదు. అచ్చు కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడం నాకు నచ్చని పని. వేలిముద్ర అనగానే పల్లెలలో అప్పుపత్రం గుర్తుకు వస్తుంది. దానికి బదులు, పాటకు ముందు వారి భాషలోనే విషయం వివరించి, వారి సమ్మతిని వారి గొంతుతోనే రికార్డు చేయాలని వ్రాసుకొన్నాము. వివరించేటప్పుడు నాలుగు సంగతులు చెప్పాలి: ఈ పాటను ఎవరెవరు వింటారు, అచ్చు వేస్తామా, కంప్యూటరు ద్వారా లోకానికంతా అందుబాటులో పెడతామా, తరువాత వద్దనుకొంటే ఎవరికి చెప్పాలి. పిల్లలు పాడితే తలిదండ్రుల అనుమతి కూడా కావాలి.

పేరు వెల్లడించాలా, దాచాలా అన్న గడి ఈ పత్రంలో అన్నిటికన్నా ముఖ్యమైనది. విదేశీ మార్గదర్శకాలు ఎక్కువగా పేరు దాచడాన్ని గురించే చెప్తాయి. రోగుల సమాచారానికి అది న్యాయం. పాటగాళ్లకు అదే న్యాయమని నేను అనుకోను. నా వ్యాసంలో 'ఒక వృద్ధ గాయని' అయిపోయిన ఆమె, తన పేరు వ్రాశానో లేదో అని రెండు సార్లు అడిగింది. కాబట్టి మా పత్రంలో పరిశోధకుడు ముందుగా గీత పెట్టరాదు. పాడినవారిని అడిగిన తరువాతనే, వారు చెప్పిన మాటనే వ్రాయాలి.

ఐతే దాచవలసినవీ వుంటాయి. పాట ముగిసిన తరువాత రికార్డరు ఆపడం మరచిపోతాము. అప్పుడే అసలు మాటలు మొదలవుతాయి: చావిడి ఇనాం భూమి ఎవరి సాగులో వున్నది, ముజావరుకూ ఫలానా ఇంటికీ పంచాయితీ ఎందుకు వచ్చింది, ఏ పీరును ఎవరు ఎత్తరాదన్నారు. ఇవి పరిశోధకునికి రుచికరంగానే వుంటాయి. నా మిగిలిన ఇరవై మూడు ఖండాలలోనూ అటువంటి సంభాషణ ఒకటి వున్నది. అది ఎవరి చేతిలోనైనా పడితే ఆ వూరిలో రెండిండ్ల మధ్య గొడవ జరుగుతుంది. అటువంటి భాగాలను వేరుచేసి, తాళంవేసిన డిస్కులో మాత్రమే వుంచాలని, ఐదేండ్ల తరువాత పరిశీలించి చెరిపివేయాలని నిర్ణయించాము. ఐరోపావారి నియమం ప్రకారం, దత్తాంశం సాధ్యమైనంత మేరకు తెరచి వుండాలి, అవసరమైనంత మేరకు మూసి వుండాలి. తలుపు పెట్టిన ఏ ఇల్లాలికైనా తెలిసిన సూత్రమే ఇది. ఏ గది ఎప్పుడు మూయాలో ముందే అనుకోవడమే కొత్త.

భద్రపరచడాన్ని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, వాటిలో ఒకటి వేరే చోట వుండాలన్నది లోకమంతా అంగీకరించిన నియమం. ఒకే అలమరలో మూడు డిస్కులు పెట్టుకొని మూడు ప్రతులున్నాయనడం ఆత్మవంచన. కప్పు కారితే మూడూ ఒకేసారి తడుస్తాయి. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలు పట్టణాన్ని ముంచెత్తినప్పుడు ఎన్ని ఇండ్లలో ఎన్ని కాగితాలు పోయాయో మన ప్రాంతంవారికి వేరే చెప్పాలా? వాట్సాపులో పంపి వుంచాము కదా అని కొందరు విద్యార్థులు ధీమాగా వుంటారు. అట్లా పంపిన ఛాయాచిత్రాల నాణ్యత తగ్గిపోతుంది, తీసిన తేదీ వివరాలు ఊడిపోతాయి. కబురు పంపడానికి అది మంచి సాధనమే, భాండాగారం కాదు. ఆరు నెలలకొకసారి ప్రతి డిస్కునూ తెరచి, నాలుగు పాటలైనా విని చూడాలని కూడా వ్రాసుకొన్నాము. ఆ పని చేసేవారి పేరూ, తేదీ, సంతకం కోసం గడులు గీశాము.

చివరి ప్రశ్న బాధ్యతకు సంబంధించినది. విద్యార్థులు మూడేండ్లకు వెళ్లిపోతారు. అధ్యాపకులకు బదిలీలుంటాయి, నాకూ వుంటుంది. మెకంజీ చేసిన పొరపాటును తలచుకొని, ప్రణాళికలో వ్యక్తుల పేర్లకు బదులు పదవుల పేర్లు వ్రాశాము: తెలుగు శాఖాధ్యక్షులు, ఉర్దూ శాఖాధ్యక్షులు, గ్రంథాలయాధికారి. ఒకరు మారినప్పుడు, స్టోరు వస్తువులను అప్పగించినట్లే, జాబితాను సరిచూసి, డిస్కులను, తాళంచెవిని, రహస్యపదాన్ని చేతికి చేయి అప్పగించి సంతకాలు చేయాలి. ఒక్కొక్క గాయకునికీ వారు పాడిన పాటల ప్రతిని పండుగ ముగిసిన నెలలోగా వారి ఇంటికి చేర్చాలన్నది మా విద్యార్థులు తమంతట తాము చేర్చిన నిబంధన. 2024 ఆగస్టులో వాళ్లే బస్సులలో పోయి, చిన్న చిన్న పెన్‌డ్రైవులలో ఎక్కించి ఇచ్చి వచ్చారు. ఒక ఇంట్లో పెన్‌డ్రైవును దేనిలో పెట్టాలో తెలియక, టి.వి. వెనుక చొప్పించి, వూరివారందరినీ పిలిచి విన్నారట.

మా ప్రణాళిక ఇంకా పూర్తి కాలేదు. రెండు ప్రతులు కళాశాలలోనే వున్నాయి. మూడవ ప్రతి వుండవలసిన వేరే చోటును గురించిన గడి ఖాళీగా వున్నది. పెద్ద గ్రంథాలయాలలో ఒకదానికి ఉత్తరం వ్రాయాలని ఉర్దూ శాఖవారు అంటున్నారు. పాటలు పుట్టిన వూరిలోని హైస్కూలులో వుంచడం మేలని విద్యార్థులు అంటున్నారు. నేను ఉత్తరం చిత్తుప్రతి వ్రాసి వుంచాను. హైస్కూలు ప్రధానోపాధ్యాయులను కలవడానికి విద్యార్థులు వచ్చే శనివారం వెళ్తున్నారు.